ఆంబోతు ఆట ఎవరిది?

ఉద్యోగంలో నాకు అవార్డులేవీ రాలేదు. మెమో మాత్రం ఒకటి వచ్చింది. అదీ ఒక ఆంబోతు వల్ల.

మా మేనకోడలు కంప్యూటర్ ఆటలు తయారుచేసే కంపెనీలో పనిచేస్తుంది. పాతకాలపు ఆటలను అభిమానులు ముచ్చటపడి మళ్లీ సొంతంగా తయారుచేసుకుంటున్నారట. హక్కులున్న కంపెనీలు వాళ్లకు నోటీసులు పంపుతున్నాయట. ఇది తప్పా ఒప్పా అని ఆ పిల్ల మొన్న భోజనాల దగ్గర వాదన పెట్టుకుంది. నేనేదో అనబోతే, "నీకు తెల్వదులే అత్తా, ఇది కొత్త లొల్లి" అంది. కొత్త లొల్లి ఏమీ కాదు. ఈ విషయంలో మీ అందరికన్నా నేనే సీనియర్ని. కాబట్టి ఆటలు తయారుచేసే, ఆడే కుర్రవాళ్లంతా కాసేపు ఫోను పక్కన పెట్టి వినండి.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడి నా చదువు ఒక ఏడాది వెనకబడింది. ఆ ఖాళీలో వేరే పని లేక మా అన్న లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. అట్లా లెక్కలు అంటుకున్నాయి. ఎనభైల నడుమకు వచ్చేసరికి నేను మహబూబాబాద్‌లో ప్రభుత్వ బడిలో లెక్కల టీచర్ని. అప్పుడే ఏదో పథకం కింద మా బడికి రెండు కంప్యూటర్లు వచ్చాయి. పెద్దసారు, అంటే మా హెడ్మాస్టరు గారు, వాటికోసం ఒక గది సున్నం వేయించి, కిటికీలకు పరదాలు కట్టించి, గుమ్మం బయట చెప్పులు విడవాలని బోర్డు రాయించారు. కొబ్బరికాయ కూడా కొట్టారు. ఆ తర్వాత గదికి తాళం వేశారు. ముట్టుకోవడం ఎవరికీ రాదు కదా.

నేర్చుకోవడానికి ఇద్దరు టీచర్లను వరంగల్ పంపాలన్నారు. సైన్సు సారు తనకు కరెంటంటే భయమన్నారు. తెలుగు సారు కళ్లద్దాలు చూపించారు. లెక్కలదాన్ని కాబట్టి నాకు తప్పలేదు. రెండో పేరు డ్రిల్లు సారుది. పేర్లు రాసిన రోజు ఆయన సెలవులో ఉన్నారు, అదొక్కటే ఆయన అర్హత. మెడలో విజిల్, మైదానం ఆ చివరికి వినిపించే గొంతు, మీట నొక్కాలంటే చూపుడు వేలు తప్ప ఇంకో వేలు కదలని మనిషి. శిక్షణలో మొదటి రోజంతా ఆయన గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నారు. రెండో రోజు అక్కడివాళ్లు మీటలు అలవాటు కావడానికని ఒక ఆట పెట్టారు. ఇక ఆయన్ను కుర్చీలోంచి లేపడం ఎవరి వల్లా కాలేదు.

ఆ ఆటలో ఒక మంచుకొండ. కొండ మీద మెట్లు మెట్లుగా అరుగులు, అరుగు నుంచి అరుగుకు నిచ్చెనలు. ఒక కాపరి నిచ్చెనలెక్కి తప్పిపోయిన గొర్రెపిల్లల్ని ఏరుకోవాలి, తోడేలుకు దొరకకూడదు. అంతే. ఆ క్యాసెట్ ఒకటి మా బడికీ ఇచ్చారు. ఆ రోజుల్లో ప్రోగ్రాములు పాటల క్యాసెట్లలాంటి వాటిలోనే ఉండేవి. టేప్ రికార్డర్‌ను కంప్యూటర్‌కు తగిలించి తిప్పితే, కాసేపు కీచుకీచుమని అరిచి ఆట తెర మీదికి వచ్చేది. మధ్యలో కరెంటు మినుకుమంటే మళ్లీ మొదటి నుంచి అరవాల్సిందే.

పిల్లలకు ఆట కాస్త అలవాటవుతోంది అనుకుంటుండగా ఒకరోజు ఎంత తిప్పినా తెర మీదికి ఏమీ రాలేదు. అనుమానం వచ్చి టేప్ రికార్డర్ గొంతు పెంచి విన్నాం. "సభకు విచ్చేసిన పెద్దలకు, నా ప్రియమైన విద్యార్థినీ విద్యార్థులకు..." అని పెద్దసారు గొంతు వినపడింది. వార్షికోత్సవం ఉపన్యాసం ఎట్లా ఉందో ఆయన మా ఆట క్యాసెట్‌లోనే రికార్డు చేసి చూసుకున్నారు.

డ్రిల్లు సారు ఉన్నపళంగా పెద్దసారు గదిలోకి పోయారు. వెనకాలే నేను.

"సార్, ఇంకో క్యాసెట్ దొరకలేదా సార్ మీకు?"

"ఖరాబైన క్యాసెట్ అనుకున్ననయ్యా. పెడితే ఒకటే కీచుకీచు. ఎందుకు పనికొస్తదని దాన్నే తీస్కున్న."

"గా కీచుకీచులనే ఉంటది సార్ ఆట!"

"నా ఉపన్యాసం మంచిగనే వచ్చింది. వింటవా?" అన్నారు పెద్దసారు.

ఇంకో క్యాసెట్ కావాలని వరంగల్‌కు రాస్తే జవాబు రాలేదు. డ్రిల్లు సారు వారం దాకా పోస్టుమాన్ కోసం గేటు దగ్గర కాపు కాశారు. ఆ పైన ఒక సాయంత్రం బడి విడిచాక వచ్చి, "మేడం, మీకు ప్రోగ్రాము రాసుడు వచ్చుగద. మీరు రాయుండ్రి. తోడేలు ఎట్ల ఉరుకుతది, ఏడ ఆగుతది, నాకు అంత యాదికున్నది" అన్నారు.

నాకు వచ్చింది చిన్నచిన్న లెక్కలు చేయించే ప్రోగ్రాములే, ఆ ఆటను పిల్లలకు పెట్టి ఇవ్వడమే తప్ప నేను సరిగ్గా ఆడింది కూడా లేదు. కానీ ఆయన ముఖం చూసి కాదనలేకపోయాను. అట్లా మొదలైంది. నాకు అర్థమయ్యేట్టు చెప్పడం ఆయనకు మాటల్తో అయ్యే పని కాదు. వరండాలో సుద్దముక్కతో అరుగులు, నిచ్చెనలు గీశారు. నన్ను కాపరిగా నిలబెట్టి తాను తోడేలయ్యారు. "మీరు నా దిక్కు చూస్తే నేను ఆగుత. అటు తిరిగితే ఉరుకుత. తిరుగుండ్రి మేడం, తిరుగుండ్రి!" నేను తిరిగితే ఆయన ఉరికేవారు. పెద్దసారు అటుగా వచ్చి చూసి, "ఏమైందమ్మా సారుకు?" అని మెల్లగా అడిగారు. "తోడేలు సార్" అన్నాను. ఆయన వచ్చిన దారినే వెనక్కి పోయారు.

అభిమానం అట్లా ఉంటే పనితనం ఇంకోలా ఉంది. గొర్రెపిల్ల బొమ్మ వేయడం నాకు ఎంతకీ రాలేదు. చుక్కలు పేర్చి పేర్చి వేస్తే డ్రిల్లు సారు తల పక్కకు వంచి చూసి, "గొర్రె కాదు మేడం, మిర్చి బస్తా లెక్కున్నది" అన్నారు. నిజమే. మా ఊరు మిర్చి వ్యాపారం ఊరు. సరే, మిర్చి బస్తాలే కానిద్దాం అనుకున్నాం. బస్తాలు ఏరేవాడు కాపరి ఎట్లా అవుతాడు? హమాలీ అయ్యాడు. మంచుకొండ మార్కెట్ గోదాం అయింది. తోడేలు చెవులు పొడుగ్గా వచ్చి కొమ్ముల్లా కనపడ్డాయి. మార్కెట్ యార్డులో అప్పుడు నిజంగానే ఒక ఆంబోతు తిరిగేది, దాని భయానికి కూరగాయలమ్మే అవ్వలు పక్కన కర్ర పెట్టుకుని కూర్చునేవాళ్లు. ఇక చెప్పేదేముంది, తోడేలు ఆంబోతయింది. ఆట మొదట్లో "ఆంబోతు వచ్చె" అనీ, కింద మా ఇద్దరి పేర్లూ ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాను. డ్రిల్లు సారు తన పేరు తెర మీద చూసుకుని చెప్పులు లేని కాళ్లతోనే బయటికి పోయి, అందర్నీ పిల్చుకొచ్చారు.

పిల్లలకు ఆంబోతు తెలుసు, యార్డు తెలుసు, హమాలీలు కొందరికి సొంత నాయినలే. మంచుకొండ ఆట ఆడినప్పుడు లేని గోల ఇప్పుడు మొదలైంది. బడి గంటకు ముందే వచ్చి కంప్యూటర్ గది ముందు నిలబడేవాళ్లు. "టీచర్, మనం చూస్తున్నమని ఆంబోతుకు ఎట్ల ఎర్క?" అని అడిగేవాళ్లు. అది చెప్పాలంటే గ్రాఫు కాగితం తీయాల్సి వచ్చేది. గ్రాఫు అంటే పారిపోయే పిల్లలు ఆంబోతు కోసం గ్రాఫు గీశారు. టీచరుకు ఇంతకన్నా ఏం కావాలి?

మాతోపాటు శిక్షణకు వచ్చినాయన ఒకరు జనగామ బడిలో ఉండేవారు. నన్ను అక్కా అనేవారు. ఒక ఆదివారం బండెక్కి మా ఇంటికి వచ్చి, బడి తెరిపించి ఆట చూసి, "అక్కా, నాకొక నకలు ఇయ్యవా? మా పోరగాళ్లకు చూపిస్త" అన్నారు. ఇచ్చాను. మురిసిపోతూ ఇచ్చాను.

కొన్నాళ్లకు కంప్యూటర్లు అమ్మిన కంపెనీ ఇంజనీరు మరమ్మతు కోసం జనగామ పోయాడు. అక్కడ పిల్లలు ఆడుతున్నది చూశాడు. విలాయతీ ఆటకు బొమ్మలు మార్చి నకలు కొట్టారనీ, దాని హక్కులు ఇక్కడ తమ కంపెనీవనీ పైకి ఫిర్యాదు పోయింది. విచారణకు ఉప విద్యాధికారి వస్తున్నారనీ, జనగామ సారును కూడా మహబూబాబాద్‌కే రమ్మన్నారనీ మాకు కబురొచ్చింది.

పెద్దసారు పరేషాన్ అయ్యారు. "కంప్యూటర్లు వాపస్ తీస్కపోతరట. ఉద్యోగాలు పోతయట" అని వచ్చిన ప్రతివారితో అన్నారు. నాకు మాత్రం అసలు విషయమే అర్థం కాలేదు. ఆట అంటే పులి-మేక లాంటిది కదా. పులి-మేక ఎవరిదని ఎవరైనా అడుగుతారా? చూశాం, నచ్చింది, మాకు వచ్చినట్టు చేసుకున్నాం. ఇందులో దొంగతనమేమిటి? ఇంట్లో ఇదే మాట అంటే మా ఆయన, "గదే మాట ఆఫీసరుకు చెప్పు. కని జర మెల్లగ చెప్పు" అన్నారు.

విచారణ రోజు ఉప విద్యాధికారి పొద్దుటి బండికి దిగారు. లావుపాటి మనిషి, ముఖంలో నవ్వు లేదు. వెంట ఆ ఇంజనీరు, మర్యాదస్తుడు, కోస్తా నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డవాడు. జనగామ సారు అప్పటికే వచ్చి ఒక మూలన నిలబడి ఉన్నారు. నా వంక చూడలేదు. భయపడుతున్నారు పాపం అనుకున్నాను. అందరం చెప్పులు విడిచి లోపలికి పోయాం. ఆఫీసరు గారి మేజోడులోంచి బొటనవేలు బయటికి చూస్తోంది. నాకెందుకో కొంచెం ధైర్యం వచ్చింది.

ఇంజనీరు జనగామలో దొరికిన క్యాసెట్ పెట్టాడు. కీచుకీచు అయిపోయింది. తెర వెలిగింది. "ఆంబోతు వచ్చె" అని వచ్చింది. కింద నా పేరు లేదు, డ్రిల్లు సారు పేరు లేదు. జనగామ సారు పేరుంది.

ఒంట్లో రక్తం ఒక్కసారి తలకెక్కడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఎన్ని సాయంత్రాలు! నేను చుక్క చుక్క పేర్చింది! అడగకుండా, చెప్పకుండా! పులి-మేక ఎవరిదని ఇంట్లో వాదించిన దాన్ని నేనేనని ఆ క్షణాన గుర్తు కూడా లేదు.

"ఎవరు రాసిండ్రు గిది?" అన్నారు ఆఫీసరు.

జనగామ సారు నోరు పెగల్చుకుని, "పేరైతే నాదే ఉన్నది సార్, కని..." అని ఆగిపోయారు.

పెద్దసారు నా పక్కకు జరిగి చెవిలో, "ఊకోమ్మా. పేరు ఆయనదున్నది, ఆయనే చూస్కుంటడు. మనకెందుకు?" అన్నారు. ఆ సలహాలో తెలివి ఉంది. నోరు మూసుకుంటే మెమో జనగామకు పోతుంది. నేను మహబూబాబాద్‌లో హాయిగా గ్రాఫులు గీసుకోవచ్చు. అయితే ఆ ఆట నాది కాకుండా పోతుంది. ఇట్లా చూస్తే ఉద్యోగం, అట్లా చూస్తే ఆంబోతు. కాసేపు తెర మీద దాన్నే చూస్తూ నిలబడ్డాను. అది కూడా ఆగి నా వంకే చూస్తున్నట్టుంది.

"నేను రాసిన సార్" అన్నాను. "నేనూ, మా డ్రిల్లు సారూ కలిసి రాసినం."

డ్రిల్లు సారు ఒకడుగు ముందుకు వేసి, అటెన్షన్‌లో నిలబడి, "నేను రాయలే సార్. ఉరికిన" అన్నారు.

"ఏంది?"

"తోడేలు లెక్క ఉరికిన సార్. మేడం చూసి రాసింది."

ఇంజనీరు నవ్వాపుకుని, "అంటే మా ఆటనే చూసి చేశారని మీరు ఒప్పుకున్నట్టే కదండీ?" అన్నాడు.

"ఆట పోయినంక, యాదికున్నది రాసినం సార్" అన్నాను.

"పోవడమేమిటండీ? క్యాసెట్ ఇచ్చాం కదా. ఏమైంది అది?"

అందరం పెద్దసారు వంక చూశాం. ఆయన పరదా సర్దుతున్నారు.

ఇంజనీరు సంచీలోంచి అసలు క్యాసెట్ తీశాడు. రెండు ఆటలూ పక్కపక్కన రెండు కంప్యూటర్లలో పెడితే ఎవరిది నకలో తేలిపోతుందన్నాడు. మంచుకొండ తెర మీద కనిపించగానే డ్రిల్లు సారు విచారణ మర్చిపోయారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చూపుడు వేలు మీట మీద పెట్టారు. కాపరి ఒక నిచ్చెన ఎక్కాడు. తోడేలు వస్తోంది. డ్రిల్లు సారు కాపరిని దాని వైపు తిప్పి, నమ్మకంగా వేలు తీసేశారు.

తోడేలు ఆగలేదు. వచ్చి పట్టుకుంది.

ఆయన మళ్లీ ఆడారు. మళ్లీ అంతే. ఆ తోడేలు అసలు కాపరిని చూడనే చూడదు. గడియారం లోలకంలా ఈ చివర నుంచి ఆ చివరికి పోయి వస్తుంది, అడ్డమొస్తే పట్టుకుంటుంది.

"ఇది వేరే తోడేలా సార్?" అన్నారు డ్రిల్లు సారు. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"ఒక్కటే తోడేలండీ. కంపెనీ ఒక్కటే పెట్టింది."

"నన్ను చూసి ఆగుతుండె సార్. నాకు మంచిగ యాదికున్నది."

ఆగలేదు. ఎప్పుడూ ఆగలేదు. వరంగల్‌లో మొదటిసారి ఆడినప్పుడు ఆయన గుండె ఆగిందేమో, తోడేలు ఆగినట్టు గుర్తుపెట్టుకున్నారు. దాన్ని నమ్మి నేను రాశాను. మా పిల్లలను గది ముందు నిలబెట్టింది ఆ ఆగడమే. ఏ కంపెనీ దగ్గరా లేనిది, ఒక డ్రిల్లు సారు భయంలోంచి పుట్టింది.

ఆఫీసరు గారు తానే చూస్తానని ఆంబోతు ముందు కూర్చున్నారు. మొదటి ఆటలోనే దొరికిపోయారు. "గిది ఎట్ల ఎక్కాలె?" అన్నారు. చెప్పాను. మళ్లీ దొరికారు. "ఆగుండ్రి, ఆగుండ్రి" అని మమ్మల్ని కసురుకుని మళ్లీ మొదలుపెట్టారు. తెప్పించిన మిర్చిబజ్జీలు చల్లారాయి, చాయ మీద మీగడ కట్టింది. విచారణ మాత్రం చాలా శ్రద్ధగా జరిగింది.

ఈలోపు ఇంజనీరు నా పక్కకు వచ్చి, "మీ ఆంబోతు ఎలా ఆగుతోందండీ?" అని అడిగాడు. హమాలీ ముఖం ఎటుందో, ఆంబోతు ఏ పక్కనుందో ప్రతి అడుగుకూ సరిచూసుకుంటుందని చెప్పాను. ఆయన జేబులోంచి కలం తీసి రాసుకోబోయాడు.

"సార్, గది మా ఆంబోతుది" అన్నారు డ్రిల్లు సారు వెనక నుంచి. "అడుగకుండ తీస్కపోతరా?"

ఇంజనీరు చెవుల దాకా ఎర్రబడి, నవ్వి, కలం జేబులో పెట్టుకున్నాడు. అయితే మనిషి మెత్తబడలేదు. నిచ్చెనలు, అరుగులు, ఏరుకోవడం, తప్పించుకోవడం తమ కంపెనీ ఆటవేనా కాదా అని నన్నే సూటిగా అడిగాడు. "నిచ్చెనలు మీవే" అన్నాను. జనగామ సారు పేరు చూసినప్పటి మంట ఇంకా ఆరలేదు. ఆ మంచుకొండను కూడా ఎక్కడో ఎవరో చుక్క చుక్క పేర్చే ఉంటారు కదా. కాదని ఎట్లా అనను?

ఆఫీసరు గారు లేచి తీర్పు చెప్పారు. రెండు బడుల్లో ఉన్న నకళ్లూ చెరిపేయాలి. కంప్యూటర్లు ఎక్కడివక్కడే ఉంటాయి. నాకొక మెమో, జనగామ సారుకొక మెమో. డ్రిల్లు సారుకు లేదు, ఎందుకంటే ఉరకడం ఆయన ఉద్యోగంలో భాగమే. చెరిపేది నా చేతులతోనే చెరిపాను. ఇంజనీరు తల దించుకుని నిలబడ్డాడు. డ్రిల్లు సారు మైదానంలోకి పోయి, పిల్లలెవరూ లేకపోయినా విజిల్ ఊదారు.

ఆ మధ్యాహ్నం జనగామ సారు స్టేషన్‌కు పోకుండా మా ఇంటికి వచ్చారు. గుమ్మంలోనే నిలబడ్డారు.

"అక్కా, నా తప్పే. మా పోరలు ఆట చూసి సారే రాసిండని చప్పట్లు కొట్టిండ్రు. కాదందామనుకున్న. నోరు రాలె. పేరు గూడ మార్చిన."

"నాదని నేను ఒప్పుకోకపోతే రెండు మెమోలు నీకే వస్తుండె" అన్నాను.

"అవునక్కా."

"సంతకం పెట్టి తీస్కున్నవా?"

"తీస్కున్న."

"దాని మీద గూడ పేరు మార్చకు" అన్నాను. ఆయనకు నవ్వాలో వద్దో తెలియలేదు. లోపలికి రమ్మని చాయ పోశాను. ఆ తర్వాత చాలా ఏళ్లు మేం స్నేహంగానే ఉన్నాం.

ఎండాకాలం సెలవుల్లో నాకు భూపాలపల్లి బదిలీ అయింది. శిక్ష కాదన్నారు, పరిపాలనా కారణాలన్నారు. అప్పటి భూపాలపల్లి ఇప్పటిది కాదు. చుట్టూ అడవి, బొగ్గు పనులకని వచ్చి దిగుతున్న కొత్త మనుషులు. మా బడికి కంప్యూటర్ మాట అటుంచి, కరెంటే వచ్చీపోయే చుట్టం. అక్కడా పిల్లలు గ్రాఫు అనగానే పారిపోయారు. నాకు తెలిసిన మందు ఒక్కటే. వాకిట్లో సుద్దతో అరుగులు, నిచ్చెనలు గీశాను. నిచ్చెనలు కంపెనీవని గుర్తొచ్చి చెరిపి, మలుపులు తిరిగే దారులు గీశాను. ఒక పిల్లను హమాలీ చేశాను, ఒకడిని ఆంబోతు చేశాను. చూస్తే ఆగాలి, తిరిగితే ఉరకాలి అని చెప్పాను. పిల్లలకు ఎక్కడో తగిలింది, పట్టేసుకున్నారు.

ఏదో పండక్కి మా ఊరు పోయి తిరిగొచ్చేసరికి వాకిట్లో దారులు నేను గీసినవి కావు. మధ్యలో ఒక వాగు వచ్చింది. మిర్చి బస్తాలు పోయి ఇప్పపువ్వు వచ్చింది. ఆంబోతు పోయి ఎలుగుబంటి వచ్చింది. అది చూస్తే ఆగదట, చెట్టుచాటుకు పోతే ఆగుతుందట.

"గిట్ల కాదురా, చూస్తే ఆగాలె" అన్నాను.

ఒక ఆడపిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని నాకు ఓపిగ్గా చెప్పింది. "అది ఆంబోతు ముచ్చట టీచర్. ఎలుగు చూస్తే ఆగుతదా? మీదికే వస్తది. మీకు మా అడివి ఎర్క లేదు."

"ఎవరు చేసిండ్రు ఈ ఆట?"

"మేమే."

అందరూ ఒక్క గొంతుతో అన్నారు. ఒక్కరి ముఖంలోనూ జంకు లేదు. 

"నన్ను చేర్చుకుంటరా?" అని అడిగాను.

వాళ్లు ఒక పక్కకు పోయి గుసగుసగా మాట్లాడుకుని వచ్చారు. ఇప్పపువ్వు ఏరుడు నాకు రాదని తేల్చారు. నన్ను ఎలుగుబంటిని చేశారు.